ఔషధానికి రెండంచులు: యల్లాప్రగడ సుబ్బారావు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల వారికి భీమవరం పరాయి ఊరు కాదు. 1895 జనవరి 12న అక్కడ జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి ప్రపంచమంతటా రోగులకు ఉపకరించినది.

ఆయన మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొన్నారు. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలియైనారు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపించినది.

అమెరికాలో ఆసుపత్రి కూలి పని చేస్తూ హార్వర్డులో చదివి, ఫిస్కేతో కలిసి దేహంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. మన డెల్టా ప్రజలను పీడించిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్ లభించినది.

కణాల వృద్ధికి ఫోలిక్ ఆమ్లం అవసరం; కాన్సరు కణాలకూ అవసరమే. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారుచేయగా, సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ప్రకటించిన ఫలితాలలో 16 మందిలో 10 మందికి గుణం కనిపించినది. కాని ఆ ఉపశమనం తాత్కాలికం. నోటిపూత వంటి బాధలూ కలిగాయి. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు స్వదేశం తిరిగి చూడకుండానే 53వ యేట కన్నుమూశారు.

ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేడు కాన్సరుకే గాక, దేహరక్షణ వ్యవస్థ స్వంత కీళ్లపైనే దాడిచేసే రుమటాయిడ్ వ్యాధికి కూడా వాడుకలో ఉన్నది. అది రక్షణ వ్యవస్థ ఉద్రేకాన్ని అణచును. నేటి ఇమ్యూనోథెరపీ ఇందుకు విరుద్ధం: నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి మందులు ఆ వ్యవస్థకున్న పగ్గాలు సడలించి కాన్సరుపైకి పురికొల్పును. ఈ మార్గానికి పునాది వేసిన ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించినది. అయితే నూటికి సుమారు ఒకరిలో ఆ సేనయే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేయును. అంతవరకు మధుమేహమే లేని రోగికి హఠాత్తుగా విపరీతమైన దాహం, అతిమూత్రం, వాంతులు కలుగును. వెంటనే రక్తంలో చక్కెర పరీక్షించి ఇన్సులిన్ ఇవ్వనిచో ప్రాణాపాయం. సాధారణంగా ఆ ఇన్సులిన్ జీవితాంతం అవసరమగును.

అంతమాత్రాన మందును నిందించరాదు. సుబ్బారావు గారి ఔషధం కూడా మేలుతోపాటు కీడును వెంటబెట్టుకొనియే వచ్చినది; ఆ కీడును గమనించి, మోతాదు దిద్దుకొంటూ వైద్యులు ముందుకు సాగారు. విద్యార్థి సోదర సోదరీమణులారా! మీ ఇంట ఎవరైనా ఈ చికిత్స పొందుచున్నచో, దాహమే కదా అని ఉపేక్షించక వైద్యునికి తెలియజేయండి.