జాన్ బాయిడ్ డన్లప్ చరిత్రము

సెలవు దినములయందు పాత బైసికిలు నొకదానిని విప్పి, త్రుప్పు గీకి, రంగు వేసి, తమకు నచ్చిన రీతిగా మార్చుకొనుటలో నానందించు విద్యార్థులను మేమెఱుగుదుము. ఇది వట్టి కాలహరణమని తలచు పెద్దలును గలరు. కావున కుమారుని యాటబండిని బాగుచేయబూని లోకమునకు మహోపకారము చేసిన యొక పశువైద్యుని చరిత్రము నిచట సంగ్రహముగా దెలుపుచున్నాము.

జాన్ బాయిడ్ డన్లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమున డ్రెగ్‌హార్న్ గ్రామమందొక కర్షక కుటుంబమున జన్మించెను. ఎడింబరో నగరమున పశువైద్యము నభ్యసించి, పందొమ్మిదవ యేటనే యందుత్తీర్ణుడయ్యెను. 1867లో ఐర్లండునకు తరలి, బెల్ఫాస్టు నగరమున వైద్యవృత్తిలో మిగుల పేరు గాంచెను. బండ్లు చేయుట యాతని వృత్తి కాదు.

ఆ కాలపు బైసికిళ్ల చక్రములకు గట్టి రబ్బరు పట్టాలుండెడివి. రాళ్లు పరచిన వీధులలో వానిపై పోవువారి యొడలు హూనమగుచుండెను. డన్లప్ కుమారుడగు చిన్న బాలునకు మూడుచక్రముల బండి యొకటి యుండెను. అది కుదుపు లేక వేగముగా నడుచు నుపాయమును 1887లో తండ్రి యోచించెను. పలుచని రబ్బరు రేకుతో గొట్టము చేసి, కొయ్యచక్రము చుట్టు నమర్చి, పైన నారబట్ట కప్పి మేకులు కొట్టెను. ఫుట్‌బాలు పంపుతో దానిలో గాలి నింపెను. అటుపిమ్మట బండి చక్రము నొకదానిని ఊడదీసి, రెంటిని తన ముంగిట దొర్లించి చూచెను. బండి చక్రము నడుమనే పడిపోయెను. గాలి చక్రము ముంగిలి యంతయు దాటి, గేటు స్తంభమును తాకి వెనుకకు మరలెను! వెంటనే బండి వెనుక చక్రములకు గాలి టైర్లు తయారుచేయ మొదలిడెను. 1888 డిశంబరు 7వ తేదీన పేటెంటు లభించెను.

1889 మే నెలలో బెల్ఫాస్టున జరిగిన పందెములకు విల్లీ హ్యూమ్ అను యువకుడు ఈ టైర్లు గల బైసికిలుపై వచ్చెను. ఉబ్బిన చక్రములను జూచి జనులు నవ్విరి. నాలుగు పందెములందును గెలుపు హ్యూమునకే దక్కెను. ఆ సంవత్సరముననే హార్వే డ్యూక్రాస్ అను డబ్లిన్ వర్తకుని పూనికతో కంపెనీ యేర్పడెను.

అయినను డన్లప్ సంతోషము చిరకాలము నిలువలేదు. రాబర్టు విలియం థామ్సన్ అను మరియొక స్కాట్లండువాడు 1845లోనే గాలి టైరునకు పేటెంటు పొందెనని తెలియవచ్చెను. డన్లప్ ఆ సంగతి నెఱుగడు. బైసికిళ్లు ప్రబలకమునుపే గుఱ్ఱపుబండ్లకై పుట్టిన యా సాధనమును లోకము మఱచియుండెను. ఎఱుగకపోయినను చట్టము చట్టమే. డన్లప్ హక్కు చెల్లకపోయెను. ఆతని టైరున మరియొక లోపమును గలదు. చక్రమునకు గట్టిగా నంటించి యుండుటచే ముల్లు గ్రుచ్చుకొన్నచో బాగుచేయుట మిక్కిలి కష్టమయ్యెను. 1890లో వెల్ష్, బార్ట్లెట్ అనువారు వేర్వేరుగా ఊడదీయదగు టైర్లను కల్పించిరి. ఆ పేటెంట్లను సంపాదించియే కంపెనీ నిలిచెను.

డన్లప్ 1895లో కంపెనీని విడిచెను. మరు సంవత్సరమే యది 30 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయెను. తన కల్పనమువలన నాతనికి గొప్ప ధనమేమియు చేకూరలేదు. 1921 అక్టోబరు 23వ తేదీన డబ్లిన్ నగరమున మృతినొందెను.

మొదట కనుగొన్న కీర్తి థామ్సనుదే. మఱచిన దానిని తన బుద్ధితో మరల కనుగొని, ముంగిట దొర్లించి పరీక్షించి, లోకముచే వాడించినవాడు డన్లప్. పాత బైసికిలు ముందు కూర్చున్న విద్యార్థులారా! మీరు చేయు మార్పు వెనుకటివారెవరో చేసినదే కావచ్చును. అందుకు వెనుదీయకుడు. రెండు చక్రములను దొర్లించి చూడుడు. ఏది దూరము పోవునో యదియే మీకు బోధించును.