బ్రౌన్ దొర బంగళా

పోయిన దసరా సెలవుల్లో కడపలో మా అవ్వ వాళ్ళింట్లో ఉన్నప్పుడు, మా మామ ఒకరోజు నన్ను ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్ళాడు. బ్రౌన్ గురించి అప్పటిదాకా నాకు తెలిసింది ఒక్కటే, నిఘంటువు రాసిన తెల్లదొర అని. పదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం, ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నా. ఇంకేం తెలుస్తుంది!

లోపలికి వెళ్తుంటే మామ ఒక మాట చెప్పాడు. మనం నిలబడిన ఈ చోటే ఒకప్పుడు బ్రౌన్ దొర బంగళా ఉండేదట. అది కూలిపోయి మొండిగోడలు మిగిలితే, ఆ స్థలంలోనే ఈ గ్రంథాలయం కట్టారట. బంగళా పోయాక గ్రంథాలయమే ఎందుకు కట్టారు? విగ్రహం పెట్టి, చుట్టూ పార్కు వేస్తే సరిపోయేది కదా అనుకున్నా. ఆ ప్రశ్నకి జవాబు కోసమే ఆయన జీవితం చదివాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, చాలా భాషలు తెలిసినవాడు. 1812లో తండ్రి చనిపోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్ళిపోయింది. అక్కడ కంపెనీ ఉద్యోగానికి కావలసిన చదువు చదివి, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసులో దిగారు. కొత్త ఉద్యోగులకి దేశభాషలు నేర్పే కాలేజీ ఒకటి అక్కడ ఉండేది. ఆయన తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది అక్కడే. అప్పటికి ఇంకా పంతొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. ఈ లెక్క చూసుకున్నప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. ఇప్పుడు నా వయసు కూడా అంతే మరి.

1820లో కలెక్టరుకి సహాయకుడిగా కడప వచ్చారు. కోర్టు పనికీ, పన్నుల పనికీ సరిపడా తెలుగు వస్తే చాలు, జీతం వస్తుంది. కొన్నేళ్ళు ఆయన కూడా అలాగే ఉన్నారు. 1824 ప్రాంతంలో, ఒక ఫ్రెంచి మతప్రచారకుడు హిందువుల ఆచారాల మీద రాసిన పుస్తకంలో వేమన పేరు కనబడింది. ఎవరీ వేమన అని వెతకడం మొదలుపెట్టారు. జనం నోట్లో పద్యాలు ఉన్నాయి, తాటాకుల మీద ఉన్నాయి. కానీ ఏ రెండు ప్రతులూ ఒకేలా లేవు. ఒకదాంట్లో ఉన్న పద్యం ఇంకోదాంట్లో లేదు, ఉన్నా మాటలు వేరు. దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి, ఏరి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో 693 పద్యాలు అచ్చు వేయించారు. పదేళ్ళకి ఇంకా పెద్ద కూర్పు తెచ్చారు.

ఆ పనిలో ఉండగా ఆయనకి ఒక సంగతి అర్థమైంది. ఇది వేమన ఒక్కడి సమస్య కాదు. మొత్తం తెలుగు సాహిత్యమే తాటాకుల మీద ఉంది. ఆకుల్ని పురుగులు తింటున్నాయి, ఎవరైనా తిరగరాస్తే తప్పులు పడుతున్నాయి, తిరగరాసేవాళ్ళూ తగ్గిపోతున్నారు. మా భాషలో చెప్పాలంటే బ్యాకప్ లేని డేటా.

అప్పుడు కడపలో ఆయన చేసుకున్న ఏర్పాటే ఈ బంగళా. అందులో సొంత జీతంతో పండితుల్నీ, లేఖకుల్నీ పెట్టారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. అక్కడ పని ఇలా జరిగేది. ముందు ఒక కావ్యానికి ఎన్ని తాటాకు ప్రతులు దొరికితే అన్నీ తెప్పించాలి. ఒకటి కాగితం మీదికి ఎక్కించి, మిగతావాటిలో తేడాలు గుర్తు పెట్టుకోవాలి. పండితులు కూర్చుని ఏది సరైన పాఠమో తేల్చాలి. చివరికి శుద్ధప్రతి రాయించి, వీలైతే వ్యాఖ్యానం కూడా రాయించాలి. మనుచరిత్ర, వసుచరిత్ర లాంటి కావ్యాలకి వ్యాఖ్యానాలు అలా వచ్చినవే. జూలూరి అప్పయ్య లాంటి పండితులు ఆయనతో పనిచేశారు. ఆయనకి వేరే ఊళ్ళకి బదిలీలు అయినప్పుడు కడపలో ఈ పనంతా చూసుకున్నది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. బ్రౌన్ పేరు మనకి తెలుసు, ఈ పేర్లు తెలియవు. కానీ వీళ్ళు లేకపోతే ఆ బంగళాలో గోడలు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఆయన్ని దేవుణ్ణి చేయాల్సిన పని లేదు. ఆయన జీతం ఇచ్చింది కంపెనీ, ఆ డబ్బు మన రైతుల పన్నుల్లోంచే వచ్చింది. అయితే ఆ డబ్బులో చాలా భాగం ఆయన ఇక్కడి తాటాకుల మీదే ఖర్చు పెట్టారు, అప్పులు కూడా చేశారు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 1832-33లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. పైవాళ్ళకి కాగితాల మీద ఆ మాట ఇష్టం లేదు, కొరత అని రాస్తే చాలనుకున్నారు. బ్రౌన్ మాత్రం కరువుని కరువు అనే రాశారు, అందుకు మాటలు పడ్డారు. మాటలకి సరైన అర్థాలు వెతికే మనిషి, ఆ ఒక్క మాట దగ్గర అబద్ధం ఆడలేకపోయారేమో అని నాకు అనిపించింది.

తర్వాత కొన్నేళ్ళు ఇంగ్లండులో ఉన్నారు. అక్కడా ఊరుకోలేదు. లండన్లో కంపెనీ గ్రంథాలయంలో మూలపడి ఉన్న దక్షిణాది భాషల రాతప్రతులు వెతికి, వాటికి జాబితా తయారుచేసి, మద్రాసుకి చేరేలా చూశారు. తిరిగి వచ్చాక మద్రాసులోనే ఉద్యోగం. 1840లో తెలుగు వ్యాకరణం, 1850ల మొదట్లో నిఘంటువులు వచ్చాయి. పండితులు పనికిరావని పక్కన పెట్టిన వాడుకమాటలకి కూడా అందులో చోటిచ్చారు. తాను సేకరించిన రాతప్రతులు దాచుకోకుండా మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశారు. 1855లో ఇంగ్లండు వెళ్ళిపోయి, కొన్నాళ్ళు లండన్లో తెలుగు ప్రొఫెసరుగా ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న అక్కడే చనిపోయారు.

కడపలో బంగళా మాత్రం పాడుపడింది. ప్రతులు మద్రాసుకి వెళ్ళిపోయాయి, పుస్తకాలు అచ్చయి లోకంలోకి వెళ్ళిపోయాయి. ఖాళీ ఇంటిని ఎవరు పట్టించుకుంటారు? అలా వందేళ్ళు గడిచాయి. ఆ మొండిగోడల్ని చూసి ఊరుకోలేకపోయిన మనిషి జానమద్ది హనుమచ్ఛాస్త్రి. ఆయన ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మాస్టారు. అక్కడ బ్రౌన్ పేరుతో గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టారు. ఆఫీసుల చుట్టూ తిరిగారు, చందాలు అడిగారు. 1987లో పునాదిరాయి పడింది. 1995లో గ్రంథాలయం తెరుచుకుంది. మధ్యలో అన్నేళ్ళు పట్టిందంటే ఎన్ని మెట్లు ఎక్కి దిగి ఉంటారో ఊహించుకోవచ్చు. ఇప్పుడు అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. ఏ వేమన కోసం బ్రౌన్ వెతుకులాట మొదలుపెట్టారో, చివరికి ఆ వేమన పేరున్న యూనివర్సిటీయే ఆయన చోటుని చూసుకుంటోంది.

గ్రంథాలయమే ఎందుకు కట్టారన్న నా ప్రశ్నకి జవాబు ఇప్పుడు తెలుసు. పాత గోడల్ని యథాతథంగా నిలబెట్టి, రంగు వేసి, తాళం వేస్తే బ్రౌన్ బంగళా మిగిలేది కాదు, ఒక ఖాళీ ఇల్లు మిగిలేది. ఆ ఇంటి అసలు పని మనుషులు కూర్చుని పుస్తకాలు చదవడం, పోల్చడం, రాయడం. శాస్త్రిగారు బాగుచేసింది ఆ పనిని. గోడలు కొత్తవైనా ఇల్లు పాతదే అని నాకు అందుకే అనిపిస్తుంది. గోడలు దక్కి ఉంటే ఇంకా బాగుండేది, కాదనను. పాత కట్టడాలు ఉన్న ఊళ్ళు, కూలకముందే ఈ సంగతి ఆలోచించుకుంటే మంచిది.

ఆ రోజు అక్కడ బ్రౌన్ నిఘంటువు తీసి ఒక మాట కోసం వెతికాను. మా అవ్వ తన ఇంటి ముందు గదిని పడసాల అంటుంది. చిన్నప్పుడు నేను హాల్ అని సరిదిద్దేవాణ్ణి. తెలుగు అక్షరక్రమం సరిగ్గా గుర్తులేక ప దగ్గరికి చేరడానికే చాలాసేపు పట్టింది. పక్కనే పేపరు చదువుతున్న మామ చూసి నవ్వుకున్నాడు. మాట దొరికింది. ఇంటికి వెళ్ళి అవ్వకి చెబితే, పుస్తకంలో లేకపోతే నేను అనకూడదా ఏంది అని కసిరింది.

ఈ సారి సెలవులకి వెళ్తే ఆమె మాటలు ఇంకొన్ని రాసుకుని వెళ్తాను. అక్షరక్రమం మాత్రం ఈ లోపల నేర్చుకుంటున్నా.