వంగని కుంచె

నడిచే కాలు, పట్టుకొనే చేయి, తిరిగే మెడ అన్నీ కీళ్ల మీద ఆధారపడి పనిచేస్తాయి. కీలు సవ్యంగా ఉన్నంతకాలం దాని ఉనికే మనకు తెలియదు. అది బిగుసుకొని, వాచి, కదిలించినప్పుడల్లా కిరకిరలాడటం మొదలుపెట్టినప్పుడే దాని విలువ తెలిసివస్తుంది. చేతివేళ్లే జీవనాధారమైన ఒక చిత్రకారునికి ఆ వేళ్ల కీళ్లే ఎదురుతిరిగితే అతని గతి ఏమిటి? ఈ ప్రశ్నకు తన జీవితంలోని చివరి ఇరవై ఏడు సంవత్సరాలనే సమాధానంగా నిలిపినవాడు ఫ్రాన్సు దేశపు మహాచిత్రకారుడు పియెర్ ఒగుస్త్ రెన్వార్.

రెన్వార్ 1841 ఫిబ్రవరి 25న లిమోజ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి దర్జీ. తల్లి కూడా కుట్టుపని చేసేది. ఆయన పసితనంలోనే ఆ కుటుంబం బ్రతుకుతెరువు కోసం పారిస్ నగరానికి తరలివచ్చింది. బాలునికి బొమ్మలు గీయడంలో ఉన్న నేర్పును గమనించిన తల్లిదండ్రులు పదమూడవ ఏట అతనిని పింగాణీ పాత్రలపై చిత్రాలు వేసే కార్ఖానాలో పనికి కుదిర్చారు. చేయి వణకకుండా సన్నని గీత గీయడం, చిన్న పువ్వులో కూడా జీవం నింపడం రెన్వార్ అక్కడే అలవరచుకొన్నాడు. కొన్నేళ్లకు పాత్రలపై బొమ్మలను ముద్రించే యంత్రాలు వచ్చాయి. చేతిపనివారికి పని కరవైంది. అప్పుడాయన విసనకర్రల మీద, కిటికీ తెరల మీద బొమ్మలు వేసి పొట్టపోసుకొన్నాడు. అలా కూడబెట్టిన సొమ్ముతో 1862లో చిత్రకళా విద్యార్థిగా చేరాడు.

గ్లేర్ అనే గురువు చిత్రశాలలో ఆయనకు మోనే, సిస్లే, బాజీల్ అనే యువకులు సహాధ్యాయులుగా లభించారు. గదుల్లో కూర్చొని పురాణగాథలను చిత్రించడం కంటె ఆరుబయట ఎండలో, నీటి ఒడ్డున, చెట్ల నీడలో క్షణక్షణం మారే వెలుగును పట్టుకోవడం వారికి ప్రియమైంది. 1874లో వారు, మరికొందరు మిత్రులు కలిసి సొంతంగా ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. విమర్శకులు ఎగతాళి చేశారు. ఆ ఎగతాళిలో నుండి పుట్టిన ఇంప్రెషనిజం అన్న పేరే తరువాత ఆ కళాశైలికి గౌరవనామమైంది. 1876లో రెన్వార్ చిత్రించిన మూలాఁ ద లా గాలెత్ నృత్యోత్సవం ఆ శైలికి మకుటాయమానం. ఆదివారం మధ్యాహ్నం పారిస్ నగరంలోని సామాన్య యువతీయువకులు చెట్ల క్రింద నాట్యమాడుతుండగా ఆకుల సందుల నుండి జారిన ఎండ వారి బట్టలపై మచ్చలు మచ్చలుగా పడటం అందులో కనిపిస్తుంది. సంతోషాన్ని చిత్రించడమే ఆయన కళకు ఆదర్శం.

ఏళ్ల తరబడి పేదరికం అనుభవించిన రెన్వార్‌ను నడివయస్సులో కీర్తి వరించింది. 1890లో అలీన్ షారిగోను వివాహమాడాడు. వారికి పియెర్, జాఁ, క్లోద్ అనే ముగ్గురు కుమారులు. 1892లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయన చిత్రాన్ని కొని జాతీయ సంగ్రహాలయంలో ఉంచింది. సుమారు అదే కాలంలో ఆయన కీళ్లలో నొప్పులు మొదలయ్యాయి. కీర్తి, వ్యాధి ఒకే ద్వారం గుండా ఇంట అడుగుపెట్టాయి.

1897 వేసవిలో భార్య స్వగ్రామమైన ఎస్వాలో సైకిలు మీద నుండి పడగా రెన్వార్ కుడిచేయి విరిగింది. 1880లో కూడా ఆయన కుడిచేయి విరిగింది. అప్పుడు ఎడమచేతితో చిత్రాలు వేసి రోజులు వెళ్లబుచ్చాడు. ఈసారి విరిగిన ఎముక అతికింది కాని కీళ్ల బాధ వదలలేదు. చేతులు, భుజాలు, పాదాలు, మోకాళ్లు ఒకదాని వెంట ఒకటి వ్యాధికి లోబడసాగాయి.

దీనినే నేడు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. మన పెద్దలు కీళ్లవాతమని పిలిచే బాధల్లో ఇది ఒకటి. ముసలితనంలో కీళ్లు అరిగిపోవడం వేరు, ఇది వేరు. శరీరాన్ని రోగాల నుండి కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరపాటున కీళ్ల లోపలి పలుచని పొరపై దాడి చేస్తుంది. ఆ పొర ఉబ్బి, కీలు వేడెక్కి వాస్తుంది. ఉదయం నిద్ర లేవగానే వేళ్లు బిగుసుకొని చాలాసేపటి వరకు వంగవు. ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల కొసలను కప్పి ఉండే నున్నని మృదులాస్థి తినివేయబడుతుంది. గరుకుబారిన తలాలు ఒకదానితో ఒకటి రాసుకొన్నప్పుడు నూనె లేని బండిచక్రం వలె కిరకిరమనే శబ్దం పుడుతుంది. కొన్ని కీళ్లలో చివరకు ఆ చప్పుడు కూడా ఆగిపోతుంది. అయితే అది ఉపశమనం కాదు, కీలు పూర్తిగా బిగిసిపోవడం. రెన్వార్ కుడి భుజానికి పట్టిన గతి అదే.

ఆనాటి వైద్యం చేతిలో ఈ వ్యాధిని ఆపగల మందు లేదు. జ్వరానికీ నొప్పికీ వాడే యాంటీపైరిన్ వంటి మందులే దిక్కు. ఏ లే బాఁ, బూర్బోన్ లే బాఁ వంటి ఊళ్లలోని వేడినీటి ఊటల్లో స్నానాలు చేశాడు. ఫలితం స్వల్పం. వేళ్లు పట్టు తప్పకుండా ఉండటానికి ఆయన ప్రతి ఉదయం చిన్న బంతులను గాలిలోకి ఎగురవేసి పట్టుకొనే అభ్యాసం చేసేవాడు. బంతులు పట్టుకోవడం అసాధ్యమైనప్పుడు చిన్న కర్రముక్కను ఎగురవేసి పట్టుకొనేవాడు. చలి బాధను పెంచుతున్నందున శీతకాలాలు దక్షిణ ఫ్రాన్సులోని వెచ్చని సముద్రతీరంలో గడపసాగాడు. 1907లో కాన్య్ అనే ఊరి చెంత లే కొలెత్ అనే తోటను కొన్నాడు. అక్కడి ప్రాచీనమైన ఆలివు చెట్లను నరికివేస్తారని తెలిసి, వాటిని కాపాడటానికే ఆయన ఆ తోటను కొన్నాడని చెబుతారు. మరుసటి సంవత్సరం అక్కడ ఇల్లు కట్టుకొని స్థిరపడ్డాడు. వంకరలు తిరిగి, ముడులు పడి కూడా చిగురించడం మానని ఆ చెట్లు ఆయనకు తగిన ఇరుగుపొరుగు.

క్రమంగా చేతికర్రలు, తరువాత చక్రాల కుర్చీ అవసరమయ్యాయి. వేళ్లు అరచేతి వైపు ముడుచుకొనిపోయాయి. కుంచెను చేతికి కట్టించుకొని చిత్రించాడన్న కథ లోకంలో వ్యాపించింది కాని అది నిజం కాదు. చర్మం కుంచె కర్ర రాపిడికి కూడా ఓర్వలేనంత సున్నితమైనందున అరచేతిలో మెత్తని గుడ్డ పెట్టి కట్టేవారు. దూరం నుండి చూసినవారికి అది కుంచెను కట్టినట్లు తోచింది. నిజానికి ఇంటివారు కుంచెను ఆయన వేళ్ల సందున ఉంచేవారు. కుటుంబంలో ఒకరుగా మెలగిన గాబ్రియేల్ అనే బంధువు చాలాకాలం ఈ సేవ చేసింది. 1915లో తీసిన ఒక మూకీ చలనచిత్రంలో బాలుడైన క్లోద్ తండ్రికి కుంచె అందించడం నేటికీ చూడవచ్చు.

చేయి పైకి లేవకపోతే చిత్రమే చేతి దగ్గరకు రావాలని రెన్వార్ భావించాడు. పెద్ద గుడ్డను పొడవైన గుండ్రని దుంగలకు చుట్టి, పిడి త్రిప్పితే పైకి, క్రిందికి జరిగే ఏర్పాటు చేయించాడు. చిత్రించవలసిన భాగం కుర్చీలో కూర్చొన్న ఆయన ఎదుటికి వచ్చేది. తోటలో అద్దాల గోడలతో చిన్న చిత్రశాల కట్టించుకొని, చలిగాలి తగలకుండా వెలుగును మాత్రం లోనికి ఆహ్వానించాడు.

1912 ప్రాంతంలో ఒక వైద్యుడు ఆయనను తిరిగి నడిపించగలనని మాట ఇచ్చాడు. కొన్ని వారాల పాటు బలవర్ధకమైన ఆహారంతో చికిత్స సాగింది. ఒకనాడు వైద్యుడు లేవదీయగా రెన్వార్ కుటుంబసభ్యులు ఆశ్చర్యపోతుండగా తన కాళ్లపై నిలబడ్డాడు. చిత్రఫలకం చుట్టూ కొన్ని అడుగులు వేశాడు. తిరిగి కుర్చీలో కూర్చొన్నాడు. ఇక మీదట నడిచే ప్రయత్నం చేయనని వైద్యునికి శాంతంగా తెలియజేశాడు. నడవడానికి తన సంకల్పబలమంతా ఖర్చవుతున్నదని, అటుపై చిత్రించడానికి ఏమీ మిగలదని ఆయన గ్రహించాడు. నడకా, చిత్రలేఖనమా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు చిత్రలేఖనాన్నే ఎంచుకొన్నాడు. మళ్లీ ఎన్నడూ నడవలేదు. ఈ సంఘటనను కుమారుడు జాఁ తండ్రిని గూర్చి వ్రాసిన గ్రంథంలో నమోదు చేశాడు. పైకి ఓటమిగా కనిపించే ఆ నిర్ణయంలోనే రెన్వార్ విజయం దాగి ఉంది. ఉన్న శక్తి కొద్దిపాటిదని ఒప్పుకొని, దానిని దేనికి వెచ్చించాలో తేల్చుకొనడానికి సామాన్యమైన ధైర్యం చాలదు.

1913లో ఆయన శిల్పకళ వైపు కూడా దృష్టి సారించాడు. మట్టిని పిసకలేని చేతులు గలవాడు శిల్పి ఎలా కాగలడు? రిషార్ గినో అనే యువశిల్పి ఆయనకు చేతులయ్యాడు. ఎక్కడ మట్టి చేర్చాలో, ఎక్కడ తీయాలో రెన్వార్ కర్రతో చూపుతుంటే గినో మలిచేవాడు. ఆ శిల్పాలకు గినో కూడా సహకర్తయేనని 1973లో ఫ్రెంచి న్యాయస్థానం గుర్తించింది. ఒకరి కన్ను, మరొకరి చేయి కలిసి చేసిన పనికి ఇది న్యాయమైన గుర్తింపు.

శరీరబాధ చాలదన్నట్లు మొదటి ప్రపంచయుద్ధం మనోవేదనను కూడా తెచ్చింది. పెద్ద కుమారులిద్దరూ యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డారు. ఆసుపత్రిలో ఉన్న జాఁను చూసివచ్చిన కొద్దికాలానికే, 1915 జూన్‌లో, అలీన్ కన్నుమూసింది. రాత్రులు నొప్పితో నిద్ర ఉండేది కాదు. అయినా తెల్లవారగానే రెన్వార్ కుర్చీని చిత్రశాలకు చేర్చవలసిందే. 1917 చివర నుండి యువతరం చిత్రకారుడు మతీస్ ఆయనను దర్శించి, ఆ వృద్ధుని దీక్షకు విస్మయం చెందాడు. 1918, 1919 సంవత్సరాల్లో స్నానార్థినులు అనే పెద్ద చిత్రాన్ని రెన్వార్ పూర్తి చేశాడు. చివరి కాలపు చిత్రాల్లోని ఆకృతులు మరీ స్థూలంగా ఉన్నాయని కొందరు విమర్శిస్తారు. తమకు మార్గం చూపినవి అవేనని మతీస్ వంటి వారు భావించారు. ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ చిత్రాల్లో వెచ్చని ఎండ, పండిన రంగులు, నవ్వే ముఖాలే తప్ప బాధ జాడ ఎక్కడా కనిపించదు. 1919లో ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి లూవ్ర్ సంగ్రహాలయమంతా త్రిప్పి చూపారు. అదే సంవత్సరం డిసెంబరు 3న కాన్య్‌లో, డెబ్బై ఎనిమిదవ ఏట ఆయన కన్నుమూశాడు. మరణానికి కొద్దికాలం ముందు వరకు కుంచె విడువలేదు. ఎస్వా గ్రామంలో భార్య చెంతనే ఆయన సమాధి ఉంది.

తండ్రి వెలుగును రంగుల్లో పట్టుకొనగా, కుమారుడు జాఁ దానిని చలనచిత్రంలో పట్టుకొన్నాడు. ఆయన భారతదేశానికి వచ్చి గంగాతీర జీవితాన్ని వస్తువుగా తీసిన ది రివర్ చిత్రం 1951లో విడుదలైంది. ఆ చిత్రానికి తగిన స్థలాలు వెదకడంలో యువకుడైన సత్యజిత్ రాయ్ ఆయనకు తోడుగా తిరిగాడు.

రెన్వార్ మరణించిన సుమారు మూడు దశాబ్దాలకు, 1948లో, కార్టిజోన్‌ను ఈ వ్యాధికి మొదటిసారి వాడారు. ఆ తరువాత మెథోట్రెక్సేట్, బయోలాజిక్ ఔషధాలు వచ్చాయి. వ్యాధిని తొలిదశలోనే గుర్తించి క్రమంగా చికిత్స పొందితే, రెన్వార్ చేతులకు వచ్చినటువంటి వైకల్యాన్ని నేడు చాలామందిలో నివారించవచ్చు. నొప్పి, వాపు లేకుండా కీలు అప్పుడప్పుడు చప్పుడు చేసినంత మాత్రాన భయపడనక్కరలేదు. వాపు, ఉదయపు బిగువు వారాల తరబడి వదలకపోతే మాత్రం వైద్యుని సంప్రదించక తప్పదు. ఓర్చుకోవడం గొప్ప గుణమే కాని, మందు ఉన్న బాధను ఊరకే ఓర్చుకోవడం వివేకం కాదు.

బాధ మనిషిని గొప్పవాడిని చేస్తుందని రెన్వార్ జీవితం చెప్పదు. బాధ ఆయన నుండి నడకను, నిద్రను, వేళ్ల నేర్పును లాగుకొన్నది. మిగిలిన కొద్దిపాటి శక్తిని ఆయన లెక్క కట్టుకొని, తనకు అత్యంత ప్రియమైన పనికి సమర్పించాడు. పనిముట్లను మార్చుకొన్నాడు, ఇంటిని మార్చుకొన్నాడు, ఇతరుల సహాయాన్ని సంకోచం లేకుండా స్వీకరించాడు. పనిని మాత్రం మార్చుకోలేదు. వేళ్లు వంగినా, చివరి వరకు ఆయన కుంచె వంగలేదు.