చౌటపల్లి గొంతు.. ప్లగిన్లకు అందనిది

మిక్సింగ్ నేర్చుకుంటున్న కుర్రాళ్లు పాత పాటల్లోని నిండుదనం కోసం ల్యాప్‌టాప్‌లో ఎనలాగ్ ప్లగిన్లు వెతుకుతుంటారు. తెలుగులో ఆ నిండుదనానికి మొదట గుర్తొచ్చే పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. ఉయ్యూరు నుంచి గుడివాడ దాటితే ఆయన ఊరు చౌటపల్లి ఎంతో దూరం కాదు.

1922 డిసెంబరు 4న పుట్టారు. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. ఆయన కొడుకు చిన్నతనంలోనే పోయారు. సంగీతం మీద పట్టుదలతో ఘంటసాల విజయనగరం చేరి, మధూకరంతో కడుపు నింపుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకున్నారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లారు. మద్రాసులో అవకాశాల కోసం తిరిగిన రోజుల్లో పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రిళ్లు అక్కడే పడుకునేవారంటారు. 1945లో ‘స్వర్గసీమ’లో పాడాక దారి తెరుచుకుంది. 1949 నాటికి ‘మనదేశం’, ‘కీలుగుర్రం’తో సంగీత దర్శకుడూ అయ్యారు.

అప్పటి రికార్డింగ్ ఎలా ఉండేదో తెలిస్తే ప్లగిన్ల సంగతీ అర్థమవుతుంది. అంతా మోనో. గాయకుడు, వాద్యబృందం ఒకే హాల్లో, ఒకే టేక్‌లో. ఎవరైనా తప్పితే మళ్లీ మొదటి నుంచే! ఉన్నవి కొద్ది మైకులు. ఎవరు మైకుకు ఎంత దూరంలో కూర్చోవాలన్నదే సగం మిక్సింగ్ అన్నమాట.

శాంపిల్డ్ ప్లగిన్ చేసేవాళ్లు పాత పరికరంలోకి రకరకాల లెవెల్స్‌లో టెస్ట్ సిగ్నల్స్ పంపి, అది వాటిని ఎలా మారుస్తోందో పట్టుకుంటారు. ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్లు, టేపు ఇచ్చే రంగు దాదాపుగా దొరుకుతుంది. ఆ హాలు, ఆ దూరాలు, ఆ గొంతు మాత్రం దొరకవు. ఇంకో మాట. చాలామంది ఇన్‌పుట్ లెవెల్ బాగా పెంచేసి, ప్లగిన్ బాలేదంటారు. సగటున మైనస్ 18 డీబీఎఫ్ఎస్ దగ్గర ఉంచి చూడండి. బైపాస్ చేసి పోల్చేటప్పుడు రెండింటి శబ్దం సమానంగా ఉండాలి. లేకపోతే గట్టిగా వినిపించిందే బాగుందనిపిస్తుంది. సీపీయూ మొరాయిస్తే ట్రాక్ ఫ్రీజ్ చేసుకోండి. స్టూడియో ఇంటర్వ్యూకు వెళ్తే పనికొచ్చేవి ఇవే గానీ ప్లగిన్ల పేర్లు కాదు.

1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో రంగుల్లోకి మార్చినప్పుడు మోనో శబ్దాన్ని డీటీఎస్‌కు తెచ్చారు. నేపథ్య సంగీతాన్ని మళ్లీ వాయించారు. ఘంటసాల గొంతుకు మాత్రం ఎవరిని తెస్తారు?

1970లో పద్మశ్రీ వచ్చింది. ఆరోగ్యం సహకరించకపోయినా భగవద్గీత రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే కన్నుమూశారు. ఆ రికార్డు విడుదలైంది ఆ తర్వాతే.