వెండెల్ స్కాట్

వెండెల్ స్కాట్ (ఆగష్టు 29, 1921 - డిసెంబరు 23, 1990) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ స్టాక్ కారు పందేల చోదకుడు. నాస్కార్ సంస్థ నిర్వహించే అత్యున్నత శ్రేణి పందేలలో విజయం సాధించిన మొట్టమొదటి నల్లజాతీయుడు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్ నగరంలో, అరమైలు పొడవు గల మట్టి ట్రాక్ మీద ఇతడు ఈ విజయాన్ని సాధించాడు. అయితే ఆ రోజు మైదానంలో విజేతగా ప్రకటించినది మరొకరిని. ఆ తరువాత లెక్క సరిచేసి విజయాన్ని ఇతడి పేరున వ్రాసుకున్నారు గాని, విజేతకు దక్కవలసిన ట్రోఫీ మాత్రం స్కాట్ బ్రతికి ఉన్నంత కాలం నాస్కార్ నుండి అందలేదు. అది ఇతడి కుటుంబానికి చేరేసరికి 2021వ సంవత్సరం వచ్చింది.

బాల్యము, తొలి జీవితము

స్కాట్ వర్జీనియా రాష్ట్రపు దక్షిణ సరిహద్దులో ఉన్న డాన్‌విల్ పట్టణంలో జన్మించాడు. నూలు మిల్లులకు, పొగాకు వ్యాపారానికి ఆ పట్టణం పేరు పొందింది. అక్కడి నల్లజాతి కుటుంబాలలో పిల్లవాడు పెద్దవాడైతే మిల్లుకో, పొగాకు గిడ్డంగికో కూలికి వెళ్ళడం ఆనాటి రివాజు. స్కాట్‌కు ఆ బ్రతుకు చిన్ననాటి నుండి ఇష్టం లేదు. ఒకరి క్రింద పని చేయకుండా తన కాళ్ళ మీద తాను నిలబడాలన్నది అతడి పట్టుదల. తండ్రి సంపన్నులైన తెల్లవారి ఇళ్ళలో కారు డ్రైవరుగా, మెకానిక్‌గా పని చేసేవాడు. ఇంజిన్ విప్పడం, బిగించడం, శబ్దాన్ని బట్టి లోపం కనిపెట్టడం కుమారునికి తండ్రి నుండి వచ్చిన విద్యలే.

ఉన్నత పాఠశాల చదువు మధ్యలో మాని టాక్సీ నడిపాడు. 1943లో మేరీ కోల్స్‌ను వివాహమాడాడు. వారికి ఏడుగురు సంతానం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో చేరి ఐరోపాలో మెకానిక్‌గా పని చేశాడు. అమెరికా సైన్యంలో అప్పటికి నల్లవారి దళాలు వేరు, తెల్లవారి దళాలు వేరు. యుద్ధం ముగిసి తిరిగి వచ్చాక డాన్‌విల్‌లో సొంతంగా కార్ల మరమ్మతు దుకాణం పెట్టుకున్నాడు.

దుకాణం ఆదాయం చాలక నాటుసారా రవాణా కూడా చేసేవాడు. ఆ రోజులలో అమెరికా దక్షిణ రాష్ట్రాల కొండ ప్రాంతాలలో పన్ను చెల్లించకుండా కాచిన సారాను రాత్రివేళ కార్లలో పట్టణాలకు చేరవేసేవారు. పోలీసు కార్లకు చిక్కకుండా ఉండేందుకు ఇంజిన్‌కు అదనపు బలం చేకూర్చి, బరువును తట్టుకునేలా వెనుక స్ప్రింగులను గట్టిపరచేవారు. పైకి మాత్రం అది మామూలు కారులాగే కనిపించాలి. స్టాక్ కారు పందేలకు మూలాలలో ఒకటి ఈ వృత్తిలోనే ఉన్నదని చరిత్రకారులు చెబుతారు. తొలితరం చోదకులు చాలామంది ఈ దారిన వచ్చినవారే. స్కాట్ 1949లో ఒకసారి పట్టుబడగా న్యాయస్థానం మూడేళ్ళ ప్రొబేషన్ విధించింది.

పందేల రంగ ప్రవేశము

1952 నాటికి డాన్‌విల్ పందేల నిర్వాహకులకు ప్రేక్షకులు తగ్గిపోతున్నారన్న బెంగ పట్టుకుంది. నల్లజాతి చోదకుడొకడు బరిలో ఉంటే వింతగా చూడడానికైనా జనం వస్తారని వారు ఆలోచించారు. ఊరిలో వేగంగా కారు నడిపే నల్లవాడు ఎవడని వారు వెళ్ళి అడిగినది పోలీసులను. ఎన్నో రాత్రులు వెంటపడిన పోలీసులకు ఆ ప్రశ్నకు జవాబు తడుముకోవలసిన పని లేకపోయింది. ఆ విధంగా 1952 మే 23న డాన్‌విల్ ఫెయిర్‌గ్రౌండ్స్ ట్రాక్‌లో స్కాట్ మొదటి పందెంలో పాల్గొన్నాడు. కారు మధ్యలోనే చెడిపోయింది. ప్రేక్షకులలో కొందరు అతడిని ఎగతాళి చేశారు. ఐనా తాను చేయవలసిన పని ఇదేనని అతడికి ఆ రోజే తోచింది.

మరునాడే నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలం పట్టణానికి కారు తీసుకువెళితే, నాస్కార్ పందెంలో నల్లవారికి ప్రవేశం లేదని అక్కడివారు త్రిప్పి పంపారు. కొద్ది రోజుల తరువాత హై పాయింట్‌లోనూ అదే జరిగింది. దానితో స్కాట్ నాస్కార్ పరిధిలో లేని చిన్న పందేల వైపు మళ్ళాడు. రంగ ప్రవేశం చేసిన రెండు వారాలలోపే వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో మొదటి గెలుపు అందుకున్నాడు. వారానికి అనేక పందేలు నడుపుతూ స్థానికంగా పేరు తెచ్చుకున్నాడు. కొంతకాలానికి రిచ్‌మండ్ ప్రాంతంలో నాస్కార్ తరఫున పని చేసే ఒక చిన్న అధికారి ఇతడికి లైసెన్సు ఇచ్చాడు. పైవారిని ముందుగా అడిగి ఉంటే ఆ లైసెన్సు వచ్చేదా అన్నది సందేహమే. 1959లో స్పోర్ట్స్‌మన్ విభాగంలో వర్జీనియా రాష్ట్ర ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడు రిచ్‌మండ్ ట్రాక్ ఛాంపియన్‌షిప్ కూడా ఇతడిదే.

చిన్న ట్రాక్‌ల స్వభావము

స్కాట్ విజయాలను, పరాజయాలను అర్థం చేసుకోవాలంటే ఈ పందేల గురించి కొంత తెలిసి ఉండాలి. స్టాక్ కారు అంటే పందెం కోసమే ప్రత్యేకంగా పుట్టించిన కారు కాక, కంపెనీ అమ్మకానికి పెట్టిన కారు రూపంలో ఉండే వాహనం. పందెం అండాకారపు బాట మీద, ఎప్పుడూ ఎడమ వైపుకే తిరుగుతూ సాగుతుంది. ఒక మైలు కంటే తక్కువ పొడవు గల బాటను చిన్న ట్రాక్ అంటారు. అరమైలు బాటలో రెండు వందల చుట్లు తిరిగితే వంద మైళ్ళు. అంటే నాలుగు వందల సార్లు వేగం తగ్గించి మలుపు తిరిగి, మళ్ళీ వేగం అందుకోవాలి. ఇక్కడ ఇంజిన్ బలం కంటే బ్రేకులను, టైర్లను కడవరకు కాపాడుకునే నేర్పు ముఖ్యం. మట్టి ట్రాక్ అయితే పందెం సాగుతున్నకొద్దీ గుంతలు పడుతుంది, ధూళి లేస్తుంది, కారు వెనుక భాగం పక్కకు జారుతూ ఉండగానే మలుపు తిరగవలసి ఉంటుంది.

పెద్ద కంపెనీల అండ లేని చోదకుడికి నాలుగు డబ్బులు మిగిలినా, గెలుపు ఆశ ఉన్నా అది ఇటువంటి ట్రాక్‌ల మీదనే. డేటోనా, టాల్లడేగా వంటి రెండున్నర మైళ్ళు, అంతకు పైబడిన ట్రాక్‌లలో కొత్త ఇంజిన్, కొత్త టైర్లు కొనగలిగినవారిదే పైచేయి. స్కాట్‌కు ఆ స్తోమత ఏనాడూ లేదు.

డాన్‌విల్‌కు పడమటగా సుమారు 30 మైళ్ళ దూరంలోనే మార్టిన్స్‌విల్ ట్రాక్ ఉంది. 1947లో నిర్మించిన ఈ ట్రాక్ పొడవు 0.526 మైలు. పొడవాటి రెండు తిన్నని బాటలు, చివర్లలో ఇరుకైన మలుపులు ఉండటం వలన కాగితాలకు పెట్టే క్లిప్పుతో దీనిని పోలుస్తారు. ఇక్కడి విజేతకు నిలువెత్తు గడియారాన్ని బహూకరించే ఆచారం 1964లో మొదలైంది. 2004లో నాస్కార్ ప్లేఆఫ్ పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు మార్టిన్స్‌విల్ శరత్కాలపు పందెం ఆ తుది దశలో చేరింది. స్కాట్ కాలంలో ప్లేఆఫ్ అనేది లేదు. ఏడాది పొడవునా జరిగే పందేల పాయింట్లన్నీ కూడి ఛాంపియన్‌ను నిర్ణయించేవారు. 1964లో అటువంటి పందేలు 62 జరిగాయి. అందుచేత గెలుపులు లేకపోయినా, విడువకుండా ప్రతి ఊరికీ వెళ్ళి పందెం పూర్తి చేసేవాడికి పట్టికలో మంచి స్థానం దక్కేది. స్కాట్ నమ్ముకున్నది ఈ మార్గాన్నే.

గ్రాండ్ నేషనల్ పందేలు

1961 మార్చి 4న సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో స్కాట్ తన మొదటి గ్రాండ్ నేషనల్ పందెం నడిపాడు. నాస్కార్ అత్యున్నత శ్రేణికి అప్పుడు ఆ పేరే ఉండేది. ఇతడి కారు సంఖ్య 34. ఇతర చోదకులు వాడి వదిలిన కార్లను, విడిభాగాలను కొని తన దుకాణంలోనే బాగుచేసుకునేవాడు. మెకానిక్ ఇతడే, చోదకుడు ఇతడే. సహాయకులుగా కుమారులు ఉండేవారు. టైర్లు మార్చడానికి మనుషులు చాలనప్పుడు తానే కారు దిగి పని చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. పందెం జరిగే ఊళ్ళలో హోటళ్ళు నల్లవారికి గది ఇచ్చేవి కావు, భోజనశాలలు లోపలికి రానిచ్చేవి కావు. కుటుంబమంతా వాహనంలోనే నిద్రించి, ఇంటి నుండి తెచ్చుకున్నది తిని తిరుగు ప్రయాణమయ్యేవారు. కొందరు చోదకులు కావాలని ఇతడి కారును ఢీకొట్టేవారు. సౌత్ కరోలినాలోని ప్రసిద్ధ డార్లింగ్టన్ ట్రాక్ వారు చాలాకాలం ఇతడి దరఖాస్తును అంగీకరించలేదు.

అందరూ అటువంటివారే అనుకోవడం కూడా సరికాదు. 1961, 1965 సంవత్సరాల ఛాంపియన్ నెడ్ జారెట్ ఇతడికి మిత్రుడు. జాక్సన్‌విల్‌లో స్కాట్ నడిపిన షెవర్లే బెల్ ఎయిర్ కారు జారెట్ నుండి కొన్నదే.

జాక్సన్‌విల్ విజయము

1963 డిసెంబరు 1 నాటి ఈ పందెం 1964 సీజన్ లెక్కలోకి వస్తుంది. జాక్సన్‌విల్ స్పీడ్‌వే పార్కులో అరమైలు మట్టి ట్రాక్ మీద 200 చుట్లు తిరగాలి. గుంతలు పడిన బాట మీద ఒకరి తరువాత ఒకరి కార్లు దెబ్బతిన్నాయి. పందెం ముగియడానికి ఇంకా పాతిక చుట్లు ఉండగా, కారు ఇబ్బంది పెట్టిన రిచర్డ్ పెట్టీని దాటి స్కాట్ ముందుకు వచ్చాడు. నిర్ణీత చుట్లు పూర్తి చేసినా విజయ సూచకమైన గళ్ళ జెండా ఊపలేదు. అతడు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. చివరకు జెండా రెండవ స్థానంలో ఉన్న బక్ బేకర్‌కు ఊపి, అతడినే విజేతగా ప్రకటించి ట్రోఫీ అందజేశారు.

అప్పట్లో చుట్లను మనుషులే కాగితం మీద గుర్తు వేసుకుని లెక్కించేవారు. కనుక పొరపాట్లు జరగడం అరుదు కాదు. స్కాట్ వెంటనే అభ్యంతరం తెలిపాడు. కొన్ని గంటలు కాగితాలు తిరగవేసి, బేకర్ కంటే స్కాట్ రెండు చుట్లు ముందున్నాడని అధికారులు ఒప్పుకున్నారు. అప్పటికి ప్రేక్షకులు, విలేఖరులు వెళ్ళిపోయారు. బహుమతి మొత్తం 1,000 డాలర్లు స్కాట్‌కు ఇచ్చారు. ట్రోఫీ మాత్రం బేకర్‌తో పాటే వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు ఒక చవకరకం కొయ్య జ్ఞాపిక ఇతడికి ముట్టింది.

ఇది లెక్కల పొరపాటేనని నిర్వాహకుల వాదన. స్కాట్ దానిని ఎన్నడూ నమ్మలేదు. విజేతను వేదిక మీద అందాలరాణి ముద్దాడడం ఆనాటి సంప్రదాయం. వేలమంది ఎదుట ఒక తెల్ల యువతి నల్లవాడిని ముద్దాడే దృశ్యాన్ని తప్పించడానికే జెండా ఆపారని అతడి అభిప్రాయం. జాతి విచక్షణను నిషేధించిన పౌరహక్కుల చట్టం అప్పటికింకా రాలేదు. అది 1964 జూలైలో అమలులోకి వచ్చింది. రెండు చుట్ల తేడా ఒక్కసారి కన్ను చెదిరితే వచ్చేది కాదన్నది కూడా గమనించవలసిన విషయమే.

ఈ విజయం తరువాత కూడా కారు కంపెనీలు గాని, పెద్ద వ్యాపార సంస్థలు గాని ఇతడిని చేరదీయలేదు. అప్పు చేసి కారు, పందెం డబ్బుతో అప్పు తీర్చడం, ఇదే వరుస కొనసాగింది. ఐనప్పటికీ 1966లో పాయింట్ల పట్టికలో 6వ స్థానం సాధించాడు. 1967లో 10వ స్థానం, 1968, 1969లలో 9వ స్థానం దక్కాయి.

ప్రమాదము, విరమణ

1973 మే నెలలో అలబామాలోని టాల్లడేగాలో 60 కార్లతో పందెం మొదలైంది. స్కాట్ అప్పు తెచ్చి కొన్న మెర్క్యురీ కారుతో ఇందులో పాల్గొన్నాడు. పందెం ఆరంభంలోనే ఒక కారు ఇంజిన్ పగిలి నూనె బాట మీద పడగా, దాదాపు ఇరవై కార్లు ఒకదానినొకటి ఢీకొన్నాయి. స్కాట్‌కు కటి ఎముక, పక్కటెముకలు విరిగాయి. కారు పనికిరాకుండా పోయింది, అప్పు మిగిలింది. అదే ఏడాది అక్టోబరులో షార్లట్‌లో చివరిసారి పందెం నడిపి 12వ స్థానంలో నిలిచి, ఆపై పందేలకు స్వస్తి చెప్పాడు. అప్పటికి వయస్సు 52 సంవత్సరాలు. మొత్తం 495 గ్రాండ్ నేషనల్, విన్‌స్టన్ కప్ పందేలలో ఒక విజయం, మొదటి ఐదు స్థానాలలో 20 సార్లు, మొదటి పది స్థానాలలో 147 సార్లు నిలవడం ఇతడి రికార్డు. ఒక్క గెలుపే కదా అనిపించవచ్చు. పాత కార్లతో దాదాపు మూడింట ఒక వంతు పందేలలో మొదటి పదిమందిలో ఉండటం సామాన్యమైన విషయం కాదు.

ఇతడి జీవితం ఆధారంగా 1977లో గ్రీస్డ్ లైట్నింగ్ అనే చలనచిత్రం వచ్చింది. స్కాట్ పాత్రను హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ పోషించాడు. స్కాట్ మాత్రం డాన్‌విల్‌లో తన మరమ్మతు దుకాణం నడుపుకుంటూనే శేషజీవితం గడిపాడు. 1990 డిసెంబరు 23న, 69వ యేట, వెన్నెముక క్యాన్సరుతో మరణించాడు.

మరణానంతర గుర్తింపు

డాన్‌విల్‌లో ఇతడు నివసించిన వీధికి ఇతడి పేరు పెట్టారు. 2010లో జాక్సన్‌విల్ స్టాక్ కారు పందేల చరిత్రకు సంబంధించిన ఒక స్థానిక సంస్థ కుటుంబానికి ట్రోఫీ నమూనాను బహూకరించింది. 2014 అక్టోబరులో యువ చోదకుడు బబ్బా వాలెస్ మార్టిన్స్‌విల్‌లో జరిగిన ట్రక్కు పందెంలో స్కాట్ గౌరవార్థం 34వ సంఖ్య వేసుకుని గెలిచాడు. 2015 జనవరిలో స్కాట్‌కు నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. ఆ గౌరవం పొందిన మొదటి నల్లజాతీయుడు ఇతడే.

2021 ఆగష్టు 28న, స్కాట్ నూరవ జన్మదినానికి ఒక రోజు ముందు, డేటోనా ట్రాక్‌లో పందెం ఆరంభానికి ముందుగా నాస్కార్ సంస్థ 1963 నాటి విజయపు ట్రోఫీని కుటుంబసభ్యులకు అందజేసింది. అదే సంవత్సరం అక్టోబరు 4న టాల్లడేగాలో బబ్బా వాలెస్ గెలిచి, నాస్కార్ అత్యున్నత శ్రేణిలో విజయం సాధించిన రెండవ నల్లజాతి చోదకుడయ్యాడు.