దిండులో దాగిన బర్మా బైబిలు: అదోనిరామ్ జడ్సన్, ఆన్ జడ్సన్ దంపతుల సేవ



ఈ వారం వీడియో జడ్సన్ గారి గురించి. వీడియో అంటే పదిహేను నిమిషాల్లో ముగించాలి కాబట్టి, అందులో పట్టనివన్నీ ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా ఆయన భార్య ఆన్ గారి గురించి. బర్మీస్ బైబిలు అనగానే అందరూ జడ్సన్ గారి పేరే చెప్తారు. అందులో తప్పేమీ లేదు, అనువాదం ఆయనదే. కానీ ఆ రాతప్రతి అచ్చు దాకా చేరడానికి ఆన్ గారు పడ్డ కష్టం, నా ఉద్దేశంలో, అనువాదం కంటే తక్కువ పనేమీ కాదు.

అదోనిరామ్ జడ్సన్ గారు 1788 ఆగస్టు 9న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం మాల్డెన్‌లో పుట్టారు. తండ్రి సంఘ కాపరి. మూడేళ్ళ వయసులోనే తల్లి దగ్గర చదవడం నేర్చుకున్నారు. 19 ఏళ్ళకి బ్రౌన్ యూనివర్సిటీలో క్లాస్ ఫస్ట్‌గా బయటికొచ్చారు. అయితే కాలేజీలో జేకబ్ ఈమ్స్ అనే స్నేహితుడి ప్రభావంతో ఆయన విశ్వాసం పోయింది. దేవుడున్నాడేమో గానీ మన సంగతి పట్టించుకోడు అనే రకం ఆలోచన అది. తర్వాత ఒకసారి ప్రయాణంలో ఒక సత్రంలో దిగారు. పక్క గదిలో ఎవరో యువకుడు రాత్రంతా మూలుగుతూ తెల్లవారేసరికి చనిపోయాడు. చనిపోయింది ఎవరని అడిగితే, జేకబ్ ఈమ్స్ అని చెప్పారట. ఈ సంఘటన ఆయన జీవిత చరిత్రలన్నిటిలోనూ ఉంటుంది. ఆ తర్వాత ఆయన ఆండోవర్ సెమినరీలో చేరారు, ప్రభువుకి తన్ను తాను సమర్పించుకున్నారు.

ఆన్ హసెల్టైన్ గారిది బ్రాడ్‌ఫర్డ్, అదే మసాచుసెట్స్. 1789 డిసెంబరులో పుట్టారు. చదువుకున్న అమ్మాయి, పెళ్ళికి ముందే స్కూల్లో పాఠాలు చెప్పేవారు. జడ్సన్ గారు ఆమెను పెళ్ళి చేసుకుంటానని ఆమె తండ్రికి రాసిన ఉత్తరం చాలా ప్రసిద్ధి. మామూలుగా పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు ఏం చెప్తారు? అబ్బాయికి మంచి ఉద్యోగం, అమ్మాయిని బాగా చూసుకుంటాం అనే కదా. ఈయన దానికి పూర్తి వ్యతిరేకంగా రాశారు. మీ అమ్మాయిని ఈ లోకంలో మళ్ళీ చూడకపోవచ్చు, సముద్రంలో ప్రమాదాలు, వేడి దేశాల జబ్బులు, పేదరికం, అవమానం, బహుశా క్రూరమైన మరణం, వీటన్నిటికీ ఆమెను పంపడానికి ఒప్పుకుంటారా అని అడిగారు. తండ్రి నిర్ణయాన్ని కూతురికే వదిలేశారు. ఆమె బాగా ఆలోచించుకుని, ప్రార్థన చేసుకుని ఒప్పుకున్నారు. అప్పటిదాకా అమెరికా నుంచి స్త్రీలెవరూ మిషనరీలుగా సముద్రం దాటి వెళ్ళలేదు. చూసి నేర్చుకోవడానికి ఆమె ముందు ఎవరూ లేరు.

1812 ఫిబ్రవరి 5న పెళ్ళి, మర్నాడు ఆయనకి అభిషేకం, 19వ తేదీన సేలం రేవు నుంచి కారవాన్ అనే ఓడలో ప్రయాణం. ఆయనకి 23, ఆమెకి 22. మనలో ఆన్‌సైట్ వచ్చి వెళ్ళేవాళ్ళం రెండేళ్ళకో మూడేళ్ళకో రిటర్న్ టికెట్ చూసుకుంటాం. జడ్సన్ గారు తిరిగి అమెరికా నేల మీద కాలు పెట్టింది 33 ఏళ్ళ తర్వాత.

నాలుగు నెలల ప్రయాణం తర్వాత కలకత్తా చేరారు. ఓడలో ఖాళీగా కూర్చోకుండా ఆయన బాప్తిస్మం గురించి లేఖనాలు పరిశోధించారు. ఫలితం ఏంటంటే, వాళ్ళని పంపింది శిశు బాప్తిస్మం నమ్మే సంఘాలు, వీళ్ళేమో విశ్వాసుల బాప్తిస్మమే వాక్యానుసారం అనే నిర్ణయానికి వచ్చేశారు. ఆన్ గారు మొదట్లో గట్టిగా వాదించారు, భర్త చెప్పాడు కదా అని ఊరికే ఒప్పుకోలేదు. తనంతట తాను చదివి, చివరికి ఒప్పుకున్నారు. 1812 సెప్టెంబరు 6న కలకత్తాలో ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అంటే తమను పంపి పోషిస్తున్న సంస్థను, పరాయి దేశంలో చేతిలో డబ్బు లేకుండా, వదులుకున్నారన్నమాట. వాళ్ళతో పాటు మారిన లూథర్ రైస్ గారు అమెరికాకు తిరిగి వెళ్ళి బాప్టిస్టు సంఘాలన్నీ తిరిగారు. దాని వల్ల 1814లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ బాప్టిస్టుల మిషన్ సంస్థ పుట్టింది. ఆ సంస్థే 1835లో శామ్యూల్ డే గారిని మన తెలుగువాళ్ళ దగ్గరికి పంపింది. ఆయన మొదట విశాఖపట్నం వైపు, తర్వాత 1840లో నెల్లూరు వచ్చారు. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో పెరిగినవాళ్ళు ఈ పోస్టు చదువుతుంటే, మీ సంఘ చరిత్రకి ఒక కొస ఆ కలకత్తా బాప్తిస్మం దగ్గర ఉంది.

ఈస్టిండియా కంపెనీ వాళ్ళని ఉండనివ్వలేదు, వెళ్ళిపొమ్మంది. మారిషస్ వెళ్ళారు. అక్కడ, తమతో కలిసి ఓడెక్కిన హారియట్ నెవెల్ గారు 19 ఏళ్ళకే చనిపోయారన్న వార్త ఎదురైంది. అక్కణ్ణుంచి 1813లో మద్రాసు వచ్చారు. కంపెనీవాళ్ళు పట్టుకుని ఇంగ్లండుకు పంపేసేలోగా ఏదో ఒక ఓడ ఎక్కాలి. దొరికింది రంగూన్ వెళ్ళే ఒక పాత ఓడ ఒక్కటే. అలా బర్మా వెళ్ళారు. ఆ ప్రయాణంలో ఆన్ గారికి ప్రసవమైంది. బిడ్డ ప్రాణంతో పుట్టలేదు. 1813 జూలై 13న రంగూన్‌లో దిగేసరికి ఆమె నడిచే స్థితిలో కూడా లేరు.

ఇక భాష. వాళ్ళు పెట్టుకున్న గురువుకి ఇంగ్లీషు రాదు, వీళ్ళకి బర్మీస్ రాదు. వస్తువు చూపించడం, పేరు అడగడం, రాసుకోవడం. తాటాకుల మీద పదాల మధ్య ఖాళీ లేకుండా గుండ్రటి అక్షరాలు. జడ్సన్ గారు వ్యాకరణంతో కుస్తీ పడుతుంటే, ఆన్ గారు ఇల్లు నడపాలి కాబట్టి బజారులో, పనివాళ్ళతో మాట్లాడుతూ మాటలు ఆయన కంటే త్వరగా పట్టేశారు. తర్వాత దానియేలు, యోనా గ్రంథాలను ఆమే బర్మీస్‌లోకి తెచ్చారు. రంగూన్‌లో ఉన్న సయాం దేశపు బందీల కోసం సయామీ భాష కూడా నేర్చుకుని మత్తయి సువార్త అనువదించారు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

1815లో రోజర్ అనే బాబు పుట్టాడు. ఎనిమిది నెలలకే చనిపోయాడు.

1819లో దారి పక్కన సత్రంలాంటి ఒక జయాత్ కట్టి, జడ్సన్ గారు అందులో కూర్చుని వచ్చేపోయే వాళ్ళతో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ ఏడాది జూన్ 27న మాంగ్ నౌ అనే అతను మొదటి బాప్తిస్మం తీసుకున్నాడు. రంగూన్ వచ్చిన ఆరేళ్ళకి ఒక్క ఆత్మ! మన చానల్‌కి వారంలో సబ్‌స్క్రైబర్లు పెరగకపోతేనే దిగులు పడిపోతాం. యుద్ధం వచ్చేనాటికి వాళ్ళ సంఘంలో ఉన్నది పద్దెనిమిది మంది.

1821లో ఆన్ గారి ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని అమెరికా వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ కూడా ఊరుకోలేదు, బర్మా మిషన్ చరిత్ర రాసి 1823లో పుస్తకంగా వేయించారు. ఆమె తిరిగి వచ్చేసరికి జడ్సన్ గారు కొత్త నిబంధన అనువాదం పూర్తి చేశారు. ఇద్దరూ కలిసి రాజధాని ఆవా వెళ్ళారు. కొన్ని నెలల్లోనే, 1824లో, బ్రిటిష్ వాళ్ళకీ బర్మాకీ యుద్ధం.

వీళ్ళు అమెరికన్లు, బ్రిటిష్ వాళ్ళు కాదు. కానీ తెల్లవాళ్ళందరూ గూఢచారులే అని రాజుగారి మనుషుల అనుమానం. పైగా జడ్సన్ గారికి అమెరికా నుంచి వచ్చే డబ్బు ఒక ఇంగ్లీషు వ్యాపారి ద్వారా చేతికి వచ్చేది. ఆ లెక్కలు చూసి ఇంగ్లీషు వాళ్ళ జీతగాడే అని తేల్చేశారు. జూన్ 8న, భోజనం వేళ, ముఖం మీద పచ్చబొట్టు ఉన్న తలారితో కలిసి వచ్చి, ఆయన్ని నేల మీద పడేసి తాడుతో కట్టి ఈడ్చుకెళ్ళారు. చేర్చింది మరణశిక్ష ఖైదీల జైలుకి. కాళ్ళకి మూడు జతల సంకెళ్ళు. రాత్రయితే ఖైదీలందరి కాళ్ళ మధ్యగా ఒక వెదురు బొంగు దూర్చి పైకి లాగేవారు. తల, భుజాలు మాత్రమే నేలకి ఆనేవి. అలా నిద్రపోవాలి.

ఇక్కణ్ణుంచి ఈ సేవ బరువంతా ఆన్ గారి మీద పడింది. అప్పటికి ఆమె గర్భవతి. ఇంటి మీద కాపలా పెట్టారు, సామానంతా జప్తు చేశారు. ఆమె మాత్రం రోజూ ఎవరో ఒక అధికారి గుమ్మం ముందు నిలబడేవారు. కానుకలు ఇచ్చుకోవాల్సిన చోట ఇచ్చారు, బ్రతిమాలాల్సిన చోట బ్రతిమాలారు. కోట ఉత్తర ద్వారపు గవర్నరుకి ఆమె మీద జాలి కలిగింది. ఈ ఖైదీలను రహస్యంగా చంపెయ్యమని తనకు మూడుసార్లు ఆజ్ఞ వచ్చిందనీ, తాను ఆ పని చేయలేదనీ ఆయనే తర్వాత ఆమెతో చెప్పాడు.

ఆ రోజుల్లోదే ఒక చిన్న సంగతి. భర్తకి సొంత ఊరి తిండి తినిపించాలని, గేదె మాంసం, అరటిపళ్ళతో ఎలాగో ఒక పై తయారు చేసి జైలుకి పంపించారు. ఆయన దాన్ని చూసి, ఇల్లు గుర్తొచ్చి, ఒక్క ముక్క తినలేక ఏడ్చి పక్క ఖైదీకి ఇచ్చేశారు. సంకెళ్ళకి ఏడవని మనిషి.

ఇప్పుడు అసలు విషయం, ఆ రాతప్రతి. పదేళ్ళ కష్టం, అచ్చు కాలేదు, ఉన్నది ఒక్క కాపీ. మనకైతే లాప్‌టాప్ పోయినా కోడ్ సర్వర్లో ఉంటుంది. ఆన్ గారు మొదట దాన్ని ఇంటి కింద భూమిలో పాతిపెట్టారు. వానాకాలం, చెమ్మకి పాడైపోతుందని భయపడి తవ్వి తీశారు. దాన్ని దూదిలో చుట్టి, ఒక దిండు కుట్టారు. జైలరు కూడా ఆశపడనంత గట్టిగా, వికారంగా ఉండేట్టు కుట్టి భర్తకి పంపించారు. నెలల తరబడి ఆయన బర్మీస్ కొత్త నిబంధన మీద తల పెట్టుకుని పడుకున్నారన్నమాట. ఒకసారి జైలరు ఆ దిండు లాక్కుంటే, ఆమె అంతకంటే మంచి దిండు ఇచ్చి దీన్ని వెనక్కి తెచ్చుకున్నారు.

1825 జనవరిలో మరియ పుట్టింది. ఇరవై రోజులకే ఆ పసిబిడ్డను ఎత్తుకుని జైలుకి వెళ్ళి తండ్రికి చూపించారు. మార్చిలో ఖైదీలకి సంకెళ్ళు ఐదు జతలు చేశారు. జ్వరంతో పడి ఉన్న భర్తకి గాలి తగిలేలా, జైలు ఆవరణలో ఆకలితో చచ్చిపోయిన ఒక సింహం బోను ఖాళీగా ఉంటే, అందులో ఉంచమని అడిగి ఒప్పించారు. సింహం బోను దొరికితే అదే గొప్ప అనుకోవాల్సిన పరిస్థితి!

మే నెలలో, మండుటెండలో, ఖైదీలను చెప్పుల్లేకుండా నడిపించి ఔంగ్‌బిన్లే అనే పల్లె దగ్గరి జైలుకి తీసుకుపోయారు. వేడి ఇసుక, గులకరాళ్ళకి జడ్సన్ గారి అరికాళ్ళ చర్మం ఊడిపోయింది. ఒక వ్యాపారి దగ్గర పనిచేసే బెంగాలీ సేవకుడు తన తలపాగా చింపి, సగం ఆయన పాదాలకి కట్టుకోమని ఇచ్చాడు. దారిలో ఒక ఖైదీ చనిపోయాడు. బయల్దేరేముందు ఖైదీల దగ్గరున్నవన్నీ లాగేసుకున్నారు. జైలరు ఆ దిండు మీది చాప ఊడదీసి, లోపలి దూది చుట్ట పనికిరాదని విసిరేశాడు. వాళ్ళ సంఘ విశ్వాసి మాంగ్ ఇంగ్, గురువుగారి గుర్తుగా ఉంటుందని దాన్ని ఇంటికి తీసుకెళ్ళాడు. అందులో ఏముందో అతనికీ తెలియదు.

ఎక్కడికి తీసుకెళ్ళారో తెలుసుకుని, మూడు నెలల బిడ్డతో, తాము పెంచుకుంటున్న ఇద్దరు బర్మా అమ్మాయిలతో, పడవలోనూ బండిలోనూ ఆన్ గారు వెనకే వెళ్ళారు. జైలరు ఇంట్లో సగం ధాన్యంతో నిండిన ఒక గది దొరికింది. ఆరు నెలలు అందులోనే. పిల్లలకి మశూచి సోకింది, తర్వాత ఆమే మంచాన పడ్డారు. పాలు లేవు. జడ్సన్ గారు సంకెళ్ళతోనే, కావలివాళ్ళని బ్రతిమాలుకుని, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఊళ్ళో పాలిచ్చే తల్లుల దగ్గరికి తిరిగారు. ఆ పల్లెటూరి తల్లులు పాలిచ్చారు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఆన్ గారి వంటవాడు కూడా బెంగాలీయే, తన కులాన్ని, జీతాన్ని మరిచిపోయి వాళ్ళందరికీ అన్నీ చేశాడని ఆమే రాసుకున్నారు.

నవంబరులో, సంధి మాటలకి దుబాసీ కావాలని జడ్సన్ గారిని బయటికి తీశారు. మొత్తం దాదాపు 17 నెలల సంకెళ్ళు. 1826 ఫిబ్రవరిలో యాండబో సంధి కుదిరింది. మాంగ్ ఇంగ్ దాచిన దూది చుట్టలో రాతప్రతి చెక్కుచెదరకుండా దొరికింది.

ఇద్దరూ ఆమ్‌హర్‌స్ట్ అనే కొత్త ఊరికి మారారు. ఆయన మళ్ళీ దుబాసీగా ఆవా వెళ్ళాల్సి వచ్చింది. ఆయన అక్కడ ఉండగానే, 1826 అక్టోబరు 24న, ఆన్ గారు జ్వరంతో ప్రభువునందు నిద్రించారు. 36 ఏళ్ళు. నల్ల ముద్ర వేసిన ఉత్తరం చేతికొచ్చినప్పుడు, బిడ్డకి ఏదో అయిందనుకుని ఆయన తెరిచారు. ఆరు నెలలకి మరియ కూడా తల్లి పక్కన, హోపియా చెట్టు కింద సమాధి అయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళు జడ్సన్ గారు మనుషులకి దూరమయ్యారు. అడవిలో గుడిసె వేసుకున్నారు, తన సమాధి తానే తవ్వుకుని దాని అంచున కూర్చునేవారు. దైవజనులకి డిప్రెషన్ ఏంటి, విశ్వాసం లేకనా అనేవాళ్ళు ఈ భాగం తప్పకుండా చదవాలి. ఆయన నెమ్మదిగా కోలుకున్నారు. 1834 జనవరి 31న బైబిలు అంతా పూర్తి చేశారు. అదే ఏడాది, కరెన్ ప్రజల మధ్య సేవ చేసి మరణించిన బోర్డ్‌మన్ గారి భార్య సారా గారిని పెళ్ళాడారు. ఆమె 1845లో, ఆ తర్వాత ఎమిలీ గారు. సారా గారిది పెద్ద చరిత్ర, విడిగా రాస్తాను. 1850 ఏప్రిల్ 12న ఆయన జబ్బుతో ఓడలో ప్రయాణిస్తూ చనిపోయారు. బంగాళాఖాతంలోనే సమాధి చేశారు. మౌల్‌మేన్‌లో ఉన్న ఎమిలీ గారికి ఆ కబురు చేరడానికి నాలుగు నెలలు పట్టింది.

దిండులో ఉన్న కొత్త నిబంధన, ఆయన మళ్ళీ దిద్దుకున్నాక, 1832లో అచ్చయింది. బర్మా సంఘాల్లో ఆదివారం నాడు చదివేది ఇప్పటికీ ఎక్కువగా ఆ అనువాదమే.