జోలె కట్టిన ఘంటసాల

మాది పద్మనాభం. మొన్న సెలవుల్లో ఇంట్లో కూర్చుని చాప్లిన్ తీసిన 'ద కిడ్' చూశాను. 1921 నాటి మూకీ సినిమా. ఎవరో వదిలేసిన పసివాణ్ణి, తనకే గతిలేని ఓ దేశదిమ్మరి తెచ్చి పెంచుకుంటాడు. కథ తాతయ్యకి చెప్తే, ఇలాంటిదే మన పక్కనున్న విజయనగరంలో నిజంగా జరిగిందన్నారు. ఆ కుర్రాడు ఎవరంటే ఘంటసాల!

నిజం చెప్పాలంటే, నాకు ఘంటసాల అంటే వైకుంఠ రథం మీద వినిపించే భగవద్గీతే. ఆ గొంతు వెనక ఇంత ఆకలి ఉందని తెలీదు.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. నాన్న సూరయ్య గారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. కొడుక్కి పదకొండేళ్లప్పుడే ఆయన పోయారు. కొడుకు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నదే ఆయన చివరి కోరిక. కుటుంబం మేనమామ ఆసరాలో బతికేది. కొన్నాళ్లకి ఈ కుర్రాడు వేలికున్న బంగారు ఉంగరం అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం వచ్చేశాడు. తీరా చూస్తే మహారాజా సంగీత కళాశాలకి వేసవి సెలవులు!

ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు జాలిపడి ఆవరణలోనే ఉండనిచ్చారు. భోజనానికి వారాలు కుదిరాయి, అంటే రోజుకో ఇంట్లో అన్నం. ఇంతలో తోటి విద్యార్థులు చేసిన తప్పు ఇతని మీద పడింది. కాలేజీ నుంచి పంపేశారు. ఆ మాట విని వారాలిచ్చే ఇళ్లవాళ్లు కూడా అన్నం పెట్టడం మానేశారు. చివరికి ఎల్లమ్మ గుడిలో తలదాచుకోవాల్సొచ్చింది.

అప్పుడు చేరదీసింది పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆయనదీ పేద కుటుంబమే. పైసా తీసుకోకుండా పాఠం చెప్పగలరు గానీ రెండు పూటలా తిండి పెట్టే స్తోమత లేదు. అందుకే ఆ కుర్రాడు జోలె కట్టుకుని వీధి వీధీ తిరిగి మాధుకరం తెచ్చుకున్నాడు. అలాగే సాధన చేశాడు. తర్వాత అదే కళాశాలలో చేరి చదువు పూర్తి చేశాడు.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. 1944లో సావిత్రి గారితో పెళ్లయింది. సముద్రాల రాఘవాచార్యులు గారి మాట మీద మద్రాసు చేరారు. ఆయన చిన్న ఇంటికి భారం కాకూడదని, పానగల్ పార్కు వాచ్‌మన్‌కి నెలకి 2 రూపాయలిచ్చి అక్కడే పడుకునేవారు. ఆ తర్వాత 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), 1970లో పద్మశ్రీ... ఇవన్నీ అందరికీ తెలిసినవే. 1974 ఫిబ్రవరి 11న 51 ఏళ్లకే వెళ్లిపోయారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. శాస్త్రి గారి అబ్బాయి సంగీతరావు గారు మద్రాసులో ఏళ్ల తరబడి ఘంటసాల గారి దగ్గరే సహాయకుడిగా పనిచేశారు. గురువుగారి ఇంటిని ఆయన మర్చిపోలేదు.

మన హాస్టల్లోనూ ఫీజు కట్టలేక ఫ్రెండ్ రూములో సర్దుకునేవాళ్లుంటారు. ఎవరి మీదో ఏదో మాట వస్తే నిజమో కాదో చూడకుండా దూరం పెట్టేస్తాం. విజయనగరంలో ఆ రోజు శాస్త్రి గారు కూడా అలాగే అనుకుని ఉంటే మనకి ఘంటసాల ఉండేవారా? ఒక్కసారి ఆలోచించండి ఫ్రెండ్స్.